దేవప్ప బెల్టు మీది విమానం

ఈ కథలో ఒక్క అబద్ధం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఈ కథ చెప్పేవాడికి వానపామును కొండచిలువ చేసే అలవాటు ఉన్నమాట వాస్తవమే. చిన్నప్పుడు కాగ్నా వాగును నిండు వరదలో ఒక్క దూకుతో దాటేశానని ఊరంతా చెప్పుకుని తిరిగినదీ వాస్తవమే. కానీ ఈసారి వెంట్రుకంత కూడా కలపలేదు. తాండూరులో ఒక పప్పుమిల్లు కల్లంలో, బస్తాలు మోసే బెల్టు మీది నుంచి విమానం గాల్లోకి లేచింది. కళ్ళారా చూసినవాళ్ళు ముప్పై నలుగురు. మిల్లు పిల్లిని కూడా లెక్కేస్తే ముప్పై ఐదు. అందులో ముప్పై ముగ్గురు చప్పట్లు కొట్టారు. ముప్పై నాలుగోవాడు దేవప్ప. అతను మాత్రం ఏడ్చాడు.

విమానం లేవలేదని కాదు. లేచిందని.

దేవప్పది యాలాల్ వైపు పల్లె. ముప్పై ఒక్క ఏళ్ళుగా సోమేశ్వర్ సేటు పప్పుమిల్లులో బెల్టు మిస్త్రీ. బెల్టు తెగితే కుట్టేది అతనే, పక్కకు జరిగితే దారికి తెచ్చేది అతనే. ఇంకో గంటలో ఎక్కడ చిరుగుతుందో వాసన చూసి చెబుతాడని హమాలీలు అంటారు. రోజూ పొద్దున్నే మిల్లు తెరవగానే దేవుడికి దండం పెట్టుకోకముందే బెల్టులకు లోపలివైపు మైనం రుద్దుతాడు. జిగటగా, నల్లగా ఉండే ముద్ద అది. అది రుద్దితే బెల్టు చక్రం మీద జారకుండా పట్టు దొరుకుతుంది. అతని ఎడమచేతికి మూడు వేళ్ళే ఉంటాయి. మిల్లులో చేరిన మొదటి ఏడు ఎవరో "బెల్టు ఆగింది, చెయ్యి పెట్టు" అన్నారు. ఆగలేదు. ఆ తర్వాత దేవప్ప బెల్టు గురించి తనకు తెలియని మాట ఎప్పుడూ చెప్పలేదు, ఇంకొకరు చెబితే నమ్మలేదు.

అతని భార్య శాంతవ్వ. ఆమె పేరున నాలుగెకరాల చేను ఉంది. ఆ పక్కన నేల ఎట్లా ఉంటుందంటే, జానెడు మట్టి గీకితే కింద నాపరాయి. కాపురానికి వచ్చిన ఏడు ఆ చేలో నాగలి దింపితే ఠంగుమని మోగిందట. శాంతవ్వ గడ్డపార పట్టింది. ఇరవై ఏళ్ళు పట్టింది. ఎండాకాలం వచ్చిందంటే బండలు పెళ్ళగించడం, వాటిని గట్టు మీద పేర్చడం, చెరువు ఒండ్రు గంపల్తో మోసుకొచ్చి ఆ గుంతల్లో నింపడం. ఇప్పుడు ఆ చేలో అడుగు పెడితే మడమ దాకా దిగుతుంది. కంది వేస్తే మనిషి కనబడడు. చేను చుట్టూ నడుమెత్తు రాతిగోడ ఉంది. ఆ గోడ మొత్తం ఒకప్పుడు చేను లోపల ఉండేది.

మాఘమాసంలో ఆ చేలో ఎర్రరంగు పూసిన సర్వే గూటాలు దిగాయి.

విమానాలు నడపడం నేర్పే కంపెనీ ఒకటి అక్కడ రన్‌వే వేస్తుందట. పొడుగు పన్నెండు వందల మీటర్లు. అందులో వెయ్యిన్నీ యాభై మీటర్లు సర్కారు బీడు. మేకలు కూడా మొహం తిప్పుకునే నేల. కాబట్టి ఊళ్ళో ఎవరికీ నొప్పి లేదు. చివరి నూట యాభై మీటర్లు, తోక, సరిగ్గా శాంతవ్వ చేలో పడింది. రోడ్డు వస్తుంది, హోటళ్ళు వస్తాయి అని ఊరు సంబరపడుతుంటే, ఈ ఇద్దరూ ఎవరికి చెప్పుకోవాలి?

దేవప్ప వికారాబాద్‌కు తిరిగాడు. ఒకసారి కాదు, తొమ్మిదిసార్లు. ప్యాసింజరు బండిలో పోవడం, ఆఫీసు గేటు దగ్గర కూచోవడం, సాయంత్రం బండికి తిరిగి రావడం. తొమ్మిదోసారి భూసేకరణ సారు పాపం మంచిమాటే చెప్పాడు.

"చూడు దేవప్పా, రన్‌వే ఎంత పొడుగుండాలెనో చెప్పేది నేను కాదు. ఇమానం చెప్తది. గంత దూరం ఉరికితెనే అది లేస్తదట. నూట యాభై మీటర్లు తగ్గించే ఉపాయం నీకాడుంటే కాయితం మీద రాసియ్యి. వచ్చే నెల మొదటి సోమారం విచారణల పెడ్త."

సారు పంపించేయడానికి అన్నాడు. దేవప్ప మాత్రం ఆ మాటను కొంగున ముడేసినట్టు జాగ్రత్తగా మోసుకుని వచ్చాడు.

ఉపాయం మూడోనాటికి దొరికింది. కల్లంలో లారీలకు బస్తాలు ఎక్కించే ముప్పై అడుగుల బెల్టు ఒకటి ఉంటుంది, చక్రాల మీద ఎటు కావాలంటే అటు తోసుకుపోవచ్చు. దాని నడుమ రోలరు ఒకటి కీచుమంటుంటే చూద్దామని దేవప్ప నడుస్తున్న బెల్టు మీదికే ఎక్కాడు. బెల్టు వెనక్కి పోతోంది. అతను ముందుకు నడుస్తున్నాడు. చెమటలు పట్టేలా నడుస్తున్నాడు, ఉన్నచోటే ఉన్నాడు.

హమాలీల మేస్త్రీ యోబు బెల్టు వెనక బస్తా మీద కూచుని బీడీ వెలిగిస్తూ చూశాడు. "ఏం దేవప్పా, పొద్దటి సంది నడుస్తనే ఉన్నవ్. యాడికి పోతున్నవ్ గింత జల్ది?"

"యాడికీ పోతలే."

"మరి ఎందుకు నడుసుడు?"

దేవప్ప కాళ్ళు నడుస్తున్నాయి, మనసు మాత్రం ఆగిపోయింది. యాడికీ పోకుండానే ఉరకొచ్చు! విమానానికి కావలసింది ఉరుకుడే గదా? దాని కింద బెల్టు పెడితే ఉన్నచోటే ఉరుకుతుంది, ఉన్నచోటే వేగం అందుకుంటుంది, ఉన్నచోటే లేస్తుంది. పన్నెండు వందల మీటర్లు ఎందుకు? నూరు మీటర్లు చాలు. శాంతవ్వ చేను దాకా అది రానేరాదు.

అతను బెల్టు మీదే కాళ్ళు ఆపేశాడు. బెల్టు ఊరుకుంటుందా? తీసుకుపోయి యోబు ఒళ్ళో పడేసింది.

"నీ యవ్వ! బీడీ ఆరిపాయె!"

"నా చేను బతికింది రా యోబూ," అని అతని గడ్డం పట్టుకున్నాడు దేవప్ప. ఆ రోజే ఠావు కాయితం మీద బొమ్మ గీసి, కింద రాసి, సంతకం పెట్టి, వికారాబాద్ పోయి ఇచ్చి వచ్చాడు. దాంతోపాటు రుజువు కూడా చూపిస్తానని రాశాడు.

రుజువు కోసం వైశాలి కావాలి. వైశాలి సోమేశ్వర్ సేటు కూతురు, హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది, సెలవులకు వచ్చింది. థర్మాకోల్ లాంటి తేలికపాటి అట్టతో మూడడుగుల రెక్కల విమానాలు చేసి, రిమోటుతో మిల్లు మీద తిప్పి, పావురాలను హడలగొడుతుంటుంది.

దేవప్ప చెప్పిందంతా విని ఆ పిల్ల మెల్లగా అంది: "కాకా, ఇమానం సైకిల్ లెక్క కాదు. చక్రాలతోని ఉరకదు."

"మరి దేనితోని ఉరుకుతది?"

"ముందటి పంకతోని. పంక గాలిని వెనకకు నూకుతది, గాలి ఇమానాన్ని ముందుకు నూకుతది. చక్రాలు ఉత్తగ తిరుగుతయ్ గంతే. కింద బెల్టు ఎటు పోయినా దానికి ఫికరే లేదు."

"బిడ్డా," అన్నాడు దేవప్ప, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ముప్పై ఒక్క ఏండ్ల సంది చూస్తున్న. బస్తా ఎక్కింది, బెల్టు మాట ఇన్నది. పిల్లి ఎక్కింది, ఇన్నది. మొన్న నేను ఎక్కిన, నేను గూడ ఇన్న. బెల్టు మీదికెక్కి బెల్టు మాట ఇననిది నేనింత వరకు చూడలే."

మిల్లు పిల్లి సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. బూడిదరంగు పిల్లి, ఒక చెవి సగం తెగింది. పొద్దున్నే బెల్టు నడవగానే ఎక్కి కూచుని పైదాకా పోయి, దూకి, మళ్ళీ కింద ఎక్కేది. దేవప్ప దాన్ని 'సూపర్‌వైజర్' అనేవాడు.

మొదటి పరీక్ష బుధవారం జరిగింది. బెల్టు వాలు దించి కల్లంలో చాపలా సమంగా నిలిపారు. వెనకవైపు కందిపొట్టు కుప్ప. దేవప్ప తెల్లవారుజామునే వచ్చాడు, బెల్టును తుడిచాడు, అలవాటు ప్రకారం లోపలివైపు మైనం రుద్దాడు. అప్పుడు అతనికి ఒక దిగులు పట్టుకుంది. సేటు బిడ్డ ముచ్చటపడి చేసుకున్న విమానం, పూచికపుల్లంత బరువు, ఎక్కడ జారి కింద పడుతుందో అని. ఇంకో ముద్ద తీసుకుని పైవైపు కూడా రుద్దాడు. ఇంటికొచ్చిన చుట్టానికి పీట వేసినంత శ్రద్ధగా, ఈ చివరి నుంచి ఆ చివరికి.

విమానాన్ని పెట్టారు. పంక గిర్రున తిరిగింది. బెల్టు వెనక్కి కదిలింది. వైశాలి చెయ్యి వదిలింది. విమానం ఒక్కసారి గింజుకుంది, తర్వాత బెల్టుతోపాటు వెనక్కి వెనక్కి పోయి, తోక ముందుగా పొట్టు కుప్పలో దిగబడింది. పంక విరిగింది. పొట్టు లేచి అందరి నెత్తిన పడింది.

దేవప్ప గంతేశాడు. "చూసినవా! బెల్టు మాట ఇన్నది! వేగం జర ఎక్కువైంది గంతే. తగ్గిస్తే ఉన్నకాడ్నే ఉంటది!"

దేవప్ప ఆ పూట ఉన్నంత సంతోషంగా ఉండటం యోబు ఎన్నడూ చూడలేదట. ఆ సంతోషం ఒక గంట నడిచింది. గంట తర్వాత వైశాలి విమానం చక్రాన్ని గోటితో గీకి చూసింది.

"ఇదేంది కాకా, నల్లగ, జిగటగ?"

"మైనం."

"బెల్టు మీదివైపు మైనం ఎందుకు పెట్టినవ్?"

"జారుతది గద బిడ్డా. నీ ఇమానం పడ్తదని..."

వైశాలికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. "కాకా, చక్రాలు అతుకుపోయినయ్. తిరగలే. ఇది పరీక్ష కాదు," అని మాత్రం అంది. పంక హైదరాబాద్ నుంచి రావాలి, శనివారం అవుతుంది. విచారణ సోమవారం.

ఆ మూడు రోజులూ దేవప్ప ఆ ముప్పై అడుగుల బెల్టును కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. ఒక్కో అడుగూ. తుడుస్తున్నది మైనాన్నా, తన ఆశనా అన్నది అతనికి లోపల తెలుస్తూనే ఉంది. యోబు వచ్చి, "చాలు తియ్యి, మొగం కనబడ్తున్నది అండ్ల," అన్నా ఆపలేదు. ఒకచోట మైనం కొంచెం మిగిలింది. దాన్ని వదిలేద్దామా అనుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్నీ తుడిచేశాడు.

ఆదివారం మిల్లుకు సెలవు. అయినా హమాలీలు అందరూ వచ్చారు. మొదటిసారికి బెల్టును ఆపే ఉంచారు. విమానం పరిగెత్తి, పద్నాలుగు అడుగుల దగ్గర చక్రాలు పైకి తీసింది. వైశాలి అక్కడ పక్కగోడ మీద సుద్దగీత గీసింది. తిప్పి దించి, మళ్ళీ తెచ్చి మొదట్లో పెట్టింది.

"ఇప్పుడు బెల్టు నడుపు కాకా. ఎంత జల్ది నడుపుతవో నడుపు. వెనకకే."

దేవప్ప మోటారు పూర్తిగా వదిలాడు. బెల్టు బుసకొట్టింది. పిల్లి గోడెక్కింది. వైశాలి చెయ్యి తీసింది.

విమానం ఆ బెల్టును పట్టించుకోలేదు. చక్రాలు కింద కనబడనంతగా తిరుగుతున్నాయి, విమానం మాత్రం నేల మీద పోయినట్టే ముందుకు పోయింది. సుద్దగీత కల్లం పక్కన గోడకు గీశారు కాబట్టి స్పష్టంగా కనబడుతోంది. గీత దగ్గరికి వచ్చింది, ఇంకో జానెడు పోయింది, లేచింది. మిల్లు చిమ్నీ చుట్టూ తిరిగి, పావురాలను లేపి, ఎండలో మెరిసి, గోనెసంచుల కుప్ప మీద మెత్తగా దిగింది.

కల్లమంతా చప్పట్లు. యోబు పరిగెత్తుకొచ్చి దేవప్పను నడుము పట్టుకుని పైకెత్తాడు. "గెలిచినవ్ రా దేవప్పా! బెల్టు మీదికెల్లి లేచింది ఇమానం! లేవదన్నోని నోట్ల మన్ను!"

లేస్తుందని దేవప్ప కూడా అన్నాడు. కానీ ఉన్నచోటే లేస్తుందన్నాడు. బెల్టు ఎంత పరిగెత్తినా విమానానికి ఆ పద్నాలుగు అడుగులూ కావాలి, పైగా ఒక జానెడు ఎక్కువ. బెల్టు వేసినా వెయ్యకున్నా రన్‌వే పన్నెండు వందల మీటర్లే. తోక శాంతవ్వ చేలోనే. ఈ లెక్క అక్కడున్న ముప్పై ముగ్గురిలో వైశాలికి ఒక్కదానికే తెలుసు. ఆమె చప్పట్లు సగంలో ఆగిపోయాయి.

దేవప్ప యోబు చేతుల్లోంచి దిగి, మోటారు ఆపి, బెల్టు కిందికి దూరి కూచున్నాడు. కింద నీడగా, చల్లగా, నూనె వాసనగా ఉంటుంది. అందరూ టీకి పోయారు. అతను మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మొగాడు ఏడ్చేటప్పుడు గొంతు రాకుండా భుజాలే కదులుతాయి, అట్లా.

కాసేపటికి పిల్లి వచ్చింది. అతని కాలిబొటనవేలిని వాసన చూసింది, పాదం మీద కూచుంది.

"నువ్వు గూడ చూసినవ్ గద," అన్నాడు దేవప్ప దానితో. "ముప్పై ఒక్క ఏండ్లు నా మాట ఇన్న బెల్టు. ఒక్కనాడు నాకు పనిపడ్డది. ఒక్కనాడే. నేను శాంతికి ఏం చెప్పాలె? ఇరవై ఏండ్లు బండలు మోసింది. ఆమె ఈపు చూసినవా నువ్వు? గడ్డపార లెక్క వంగింది. నేను నీ చేను బతికిస్త అన్న. అన్న గదనే?"

పిల్లి కళ్ళు మూసుకుని అతని పాదం మీదే ఉండిపోయింది. కదిలితే లేస్తుందని దేవప్ప కాలు కదపలేదు. అట్లా ఎంతసేపు గడిచిందో.

శాంతవ్వ జొన్నరొట్టెల మూటతో వచ్చి, వంగి బెల్టు కిందికి చూసింది. "ఏమయ్యా, ఇమానం లేసిందట గద, గేటు కాడ యోబు చెప్పిండు. లేస్తే గిట్ల కూసున్నవేంది?"

"లేసింది. లేసిందే గని, జాగ తక్కువ కాలే. రేపు వికారాబాద్ పోవుడు దండగ."

ఆమె మూట పక్కన పెట్టింది. గోడ మీద సుద్దగీత చూసింది. బెల్టు ఈ చివర చూసింది, ఆ చివర చూసింది. వైశాలి అప్పుడే తిరిగొచ్చి నిలబడి ఉంది, ఎట్లా పలకరించాలో తెలియక.

"బిడ్డా, ఇమానం గీడ లేసింది."

"అవునవ్వా."

"మరి గీడికెల్లి గా కొస దాంక మిగిలిన బెల్టు దేనికి?"

"ఒకవేళ లేవలేదనుకో అవ్వా. ఇంజన్ ఖరాబైంది, లేకుంటే నేర్చుకునెటోడు భయపడ్డడు. అప్పుడు ఆగెటందుకు జాగ కావాలె గద. రన్‌వే తోక గందుకే."

"ఆగెటందుకా?" శాంతవ్వ కొంగు భుజానికి లాక్కుంది. "ఉరికెటందుకు సిమెంటు గావాలె, సరే. ఆగెటందుకు సిమెంటు ఎందుకే? నున్నటి మీద ఏదన్న ఆగుతదా? నిరుడు వానల ఇసుక ట్రాక్టరోడు అడ్డం పోదమని నా చేన్లకు దిగిండు. ఇరవై అడుగులు పోయిండో లేదో, పెద్ద చక్రం నడుముదాంక దిగింది. జేసీబీ తెచ్చి గుంజిన్రు. నా చేనంత మంచిగ ఏది ఆపుతది?"

వైశాలి నెమ్మదిగా అంది, "గట్ల చేస్తరవ్వా. కొన్ని జాగల్ల రన్‌వే కొసకు మెత్తటి నేల ఇడుస్తరు. సిమెంటు మీద ఆగే దూరంల సగం గూడ పట్టదు. కాని వీళ్ళు ఒప్పుకుంటరని నేను చెప్పలేను."

"నువ్వు చెప్పకు. నేనే అడుగుత," అంది శాంతవ్వ. "ఓయ్, బయటికి రా. రొట్టె తిను. రేపు బండికి పోవాలె."

సోమవారం ప్యాసింజరులో ఇద్దరూ వికారాబాద్ చేరారు. శాంతవ్వ ఒళ్ళో చేతిసంచి, సంచిలో చేను మట్టి. ధారూరు దాటేదాకా దేవప్ప కిటికీలోంచి చేలు చూస్తూ కూచున్నాడు.

విచారణ గదిలో సారు దేవప్ప కాయితం చేతిలో పట్టుకుని నవ్వుతున్నాడు. పక్కన కంపెనీ ఇంజనీరు మహిధర్, రోడ్లు వేసే చదువు చదివినవాడు, ముప్పై ఏళ్ళు ఉండవు.

"నువ్వేనా బెల్టు దేవప్ప? మస్తు రాసినవయ్యా! ఇమానం ఉన్నకాడ్నే ఉరుకుతదట. ఏమంటవ్ మహిధర్?"

మహిధర్ తల గోక్కున్నాడు. "వినడానికి బాగానే ఉంది సార్. నాకు విమానాల సంగతి అంతగా తెలియదు. పైకి పంపిస్తాను. వాళ్ళు చూసి చెప్పేసరికి ఏడాది పడుతుంది. అప్పటిదాకా ఆ చివరి భాగం పని ఆపుతాం."

ఏడాది.

ఏడాది అంటే ఒక కంది పంట. మనిషెత్తు కంది, పసుపు పూత, కాయ గలగల. నోరు మూసుకుంటే చాలు. అబద్ధం చెప్పనక్కర్లేదు, నిజం చెప్పకుంటే చాలు. ఏడాదిలో ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు, కంపెనీ వేరే ఊరు చూసుకోవచ్చు. అతను శాంతవ్వ వైపు చూశాడు. ఆమె అతని మొహం వైపు చూడటం లేదు, అతని ఎడమచేతి వైపు చూస్తోంది. ఆనాడు తెగిపోయిన రెండు వేళ్ళ చోట కట్టు కట్టింది ఆమే.

ఒకవేళ ఏడాది తర్వాత వాళ్ళు నిజంగానే బెల్టు వేస్తే? ఇరవై ఏళ్ళ పిల్లవాడెవడో దాని మీద విమానం ఎక్కి, దేవప్ప మాట నమ్మి, ఇంజన్ పూర్తిగా వదిలితే?

"సారు," అన్నాడు. "గా కాయితం తప్పు. నిన్న పరీక్ష పెట్టిన. బెల్టు మీద గూడ ఇమానానికి గంతే జాగ గావాలె. నాకు తెల్వక రాసిన. కొట్టేయ్‌రి."

సారు నవ్వు ఆపాడు. "కొట్టేస్తే నీకు వేరే అభ్యంతరం లేనట్టే గదనయ్యా? చేను పోతది."

"తెలుసు సారు."

"నాకుంది అభ్యంతరం," అంది శాంతవ్వ. "చేను నా పేరు మీదున్నది."

ఆమె లేచి వెళ్ళి సారు బల్ల ముందు నిలబడి, "ఏమయ్యా, జేబులున్న గది ఇటియ్యి," అని చెయ్యి చాపింది. దేవప్ప జేబులో ఎప్పుడూ ఒక పాత బేరింగు ఉంటుంది. ఆమె దాన్ని నిలబెట్టి బల్ల మీద దొర్లించింది. అది ఫైళ్ళ పక్కనుంచి నున్నగా దొర్లిపోయి, అవతలి చివరి నుంచి ఠంగున కింద పడి, మహిధర్ బూటుకు తగిలింది. సంచిలోని మట్టిని బల్ల చివర కుప్పగా పోసింది. బంట్రోతు "అరెరే" అన్నాడు. మళ్ళీ దొర్లించింది. బేరింగు మట్టిలోకి పోయి, మూడు వేళ్ళంత దూరంలో, ఊపిరి ఆగినట్టు ఆగింది.

"ఆగెటందుకే గద సారు గా తోక? నా మట్టి ఆపుతది. దాని మీద సిమెంటు పోస్తే ఆపదు. గా మట్టి చేసెటందుకు నాకు ఇరవై ఏండ్లు పట్టింది. మీరు తీసుకున్నా గంత మెత్తగ చెయ్యలేరు."

మహిధర్ వంగి ఆ బేరింగును చూశాడు. తర్వాత దాన్ని మట్టిలోంచి తీసి, తుడవకుండానే దేవప్పకు ఇచ్చాడు. "వానలు పడ్డాక వచ్చి చూస్తాను," అన్నాడు. సారు ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో కనబడలేదు.

మృగశిర తొలివానకు మహిధర్ జీపులో వచ్చాడు. రాతిగోడ దాటి నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగుకు బూటు చేలోనే ఉండిపోయింది, కాలు మాత్రం మేజోడుతో బయటికొచ్చింది. ఒంటికాలి మీద ఊగుతుంటే శాంతవ్వ చెయ్యి అందించింది. మొన్నటి మాఘం నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి. తర్వాత బండలు నింపిన ట్రాక్టరును వేగంగా చేలోకి తోలించి, ఎక్కడ కూరుకుపోయిందో టేపుతో కొలుచుకున్నాడు. పోయేముందు చేను నడుమ ఉన్న నాలుగు ఎర్రగూటాలు పీకించి జీపులో వేసుకున్నాడు.

"మళ్ళ యాడ పాతుతరు సారు?" అని దేవప్ప జీపు పక్కనే నడుస్తూ అడిగాడు.

"ఆర్డర్ వచ్చేదాకా నేనేం చెప్పలేనయ్యా. పాత చోటే పాతమన్నా పాతాల్సిందే." జీపు ఎక్కుతూ వెనక్కి తిరిగాడు. "ఈ ఏడు కంది మాత్రం వెయ్యకండి. మోకాలు దాటి ఎదగని పంట ఏదన్నా వేసుకోండి."

ఆ మాట మీద ఆ ఇద్దరూ రెండు రోజులు బతికారు. మూడోనాడు శాంతవ్వ గూటాల గుంతలు పూడుస్తూ అంది: "పోయే భూమిల ఏం పంట ఎయ్యాల్నో ఎవ్వడన్న చెప్తడానయ్యా?"

"చెప్పడు," అన్నాడు దేవప్ప. ఇంకో గుంత పూడ్చి, "చెప్తడా?" అన్నాడు.

పెసర వేశారు. ఇప్పుడు నాలుగాకుల మీద ఉంది. ఆర్డరు ఇంకా రాలేదు. తపాలా సైకిలు గంట వినబడితే దేవప్ప ఇప్పటికీ తింటున్న ముద్ద కింద పెడతాడు.

కథ ఇంతే. మొదట్లో చెప్పినట్టు ఇందులో ఒక్క అబద్ధం లేదు. సరే, ఒక్కటే ఉంది. ఇంజనీరు బూటు అని అనుమానపడుతున్నారేమో, ఆ బూటు నిజం. బేరింగు నిజం, మట్టి నిజం. విమానం లేవడం అయితే పచ్చినిజం, కావలిస్తే యోబును అడగండి.

లేనిది పిల్లి. ఆ మిల్లులో పిల్లి ఎన్నడూ లేదు. సోమేశ్వర్ సేటుకు పిల్లి వెంట్రుక తగిలితే తుమ్ములు ఆగవు, గేటు లోపలికి రానివ్వడు. చూసినవాళ్ళు ముప్పై నలుగురే. ఆ ఆదివారం బెల్టు కింద దేవప్ప అంతసేపూ ఒక్కడే కూచున్నాడు. శాంతవ్వ రొట్టెలు తెచ్చేదాకా ఒక మనిషిని అట్లా ఒంటరిగా కూచోబెట్టడానికి చెప్పేవాడికి మనసొప్పలేదు. అందుకని ఒక పిల్లిని పంపించాడు, అంతే.